కడుపు గడ్డ కాలేయానికి పాకితే...

కేన్సర్ అనే మాటను మన ఇళ్ళలో ఇప్పటికీ గొంతు తగ్గించే పలుకుతారు. కోయంబత్తూరు పీళమేడులోనైనా, మదురైలో తిరుమల నాయకుని మహల్ చుట్టుపక్కల వీధుల్లోనైనా, పెళ్ళి పందిట్లో ఎవరి ప్రస్తావనైనా వస్తే "ఆ జబ్బంట" అని ఊరుకుంటారే గాని పేరు చెప్పరు. దానికి తోడు "ఈరల్‌కి పాకిందంట" అన్న మాట కూడా చేరిందా, ఇక ఆ మనిషి లెక్క ముగిసినట్టే. (కాలేయాన్ని మనం ఇంట్లో తమిళం కలిపి ఈరల్ అనే అంటాం. ఆంధ్రాలో ఉద్యోగం చేసిన మూడేళ్ళలో గాని కాలేయం అన్న మాట నా నోటికి రాలేదు. తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నదీ అక్కడే.) చూడడానికి వచ్చేవాళ్ళు యాపిల్ పళ్ళతో వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్తారు. వైద్యం గురించి అడిగేవాళ్ళు తక్కువ.

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే మా అక్క జబ్బు మూలంగా గత కొన్నేళ్ళలో ఒక పెద్ద ఫైలు నా దగ్గర తయారైంది. రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, బిల్లులు అన్నీ తేదీల వారీగా అందులో ఉన్నాయి. డాక్టర్లు చెప్పినవి రాసుకున్నాను, అర్థం కానివి మళ్ళీ అడిగాను. దానివల్ల తెలిసినదేమంటే, కడుపులో వచ్చే కేన్సర్లన్నీ ఒకటే జాతి కావు. వాటిలో అరుదైనది ఒకటుంది. అది కాలేయానికి పాకిన తర్వాత కూడా మాత్రకు, ఆపరేషన్‌కు చోటు ఉంటుంది. దాని గురించి మన సంఘం కుటుంబాలకు తెలియజేయాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2016లో మా అక్కకు 58 ఏళ్ళు. మదురైలో కాపురం, బావగారికి బట్టల వ్యాపారం. సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి ఆమెకు నీరసం మొదలైంది. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం. రక్తం తక్కువైందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మలం తారులాగా నల్లగా పోతుంటే ఆ మాత్రల వల్లే అనుకున్నారు. ఐరన్ మాత్రలకు అలా నల్లగా పోవడం మామూలే గనుక ఎవరికీ అనుమానం రాలేదు. హిమోగ్లోబిన్ ఆరుకు దిగిన తర్వాత ఎండోస్కోపీ చేశారు. కడుపు గోడ ఒకచోట లోపలికి నున్నగా ఉబ్బి ఉంది, ఆ ఉబ్బు కొసన చిన్న పుండు, దాని నుంచి రక్తం. పైపొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే కేన్సర్ కణాలు లేవని వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మూడు రోజుల తర్వాత సి.టి. స్కాన్ తీస్తే కడుపు గోడలో 11 సెంటీమీటర్ల గడ్డ, కాలేయంలో మూడు మచ్చలు కనబడ్డాయి. రెండు ఎడమ భాగంలో, ఒకటి కుడి భాగంలో.

అప్పుడు చూసిన డాక్టరు గారు బావగారిని పక్కకు పిలిచి, ఇది నాలుగో స్టేజి, ఇంటికి తీసుకువెళ్ళి ఇష్టమైనవి పెట్టండి అన్నారట. ఆయన చెప్పింది కడుపులో మామూలుగా వచ్చే కేన్సర్ విషయంలో మరీ తప్పు కాదు. ఆ జాతి కేన్సర్ కాలేయానికి పాకితే కోసి తీసేయడం వల్ల సాధారణంగా ఆయుష్షు పెరగదు. జర్మనీలో జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి, అవీ దాదాపు ఆ మాటే చెప్పాయి. కాని మా అక్క గడ్డ ఏ జాతిదో తేల్చకుండానే ఆ మాట అనేశారు. నాకు నచ్చనిది అది. అప్పు అడిగినవాడి కాగితాలు చూడకుండా అర్జీ తిరగ్గొడితే మా బ్యాంకులో మెమో ఇస్తారు.

కోయంబత్తూరుకు తీసుకువచ్చాం. ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో ఎండోస్కోపీ గొట్టం చివర అల్ట్రాసౌండ్ అమర్చిన పరికరంతో గడ్డ లోపలికి సూది పంపి ముక్క తీశారు. దానికి సి.డి.117, డాగ్1 అనే రెండు ప్రత్యేక రంగు పరీక్షలు చేశారు. రిపోర్టు రావడానికి ఐదు రోజులు పట్టింది. అందులో ఉన్న పేరు గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్. పొడి అక్షరాల్లో గిస్ట్.

రిపోర్టు చూసి సర్జన్ గారు, ఉన్నంతలో ఇది మంచి వార్తే అన్నారు. మాకు ఏమీ అర్థం కాలేదు.

గిస్ట్ అంటే ఏమిటి?

మామూలు కడుపు కేన్సర్ లోపలి పొరలో పుడుతుంది. గిస్ట్ పుట్టేది గోడ మధ్యలో, కండరం పొరల్లో. కడుపూ ప్రేగులూ ఆహారాన్ని ముందుకు నెట్టడానికి ఒక లయలో ముడుచుకుంటూ ఉంటాయి. ఆ లయ చూసే ప్రత్యేక కణాలు గోడలో ఉంటాయి. స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త కహాల్ పేరుతో వాటిని పిలుస్తారు. ఆ కణాల జాతిలో పుట్టే గడ్డే ఇది. అందుకే పైపొర ముక్క తీస్తే ఒక్కోసారి ఏమీ దొరకదు. నూటికి సుమారు 60 గిస్ట్‌లు కడుపులో, 30 దాకా చిన్న ప్రేగులో వస్తాయి. పది లక్షల జనాభాలో ఏడాదికి పది పదిహేను మందికి మాత్రమే వస్తుంది గనుక చాలామంది డాక్టర్లకు కూడా ఎప్పుడో ఒకసారి గాని ఎదురుపడదు. గిస్ట్ అనే పేరే 1983లో వచ్చింది. అంతకు ముందు వీటిని కండరపు గడ్డలని రాసి ఊరుకునేవారు.

1998లో జపాన్‌లోని ఒసాకాలో హిరోటా అనే శాస్త్రవేత్త, ఆయన బృందం దీని మూలం కనిపెట్టారు. కణం పైన 'కిట్' అనే ఒక ప్రోటీన్ ఉంటుంది. అది కణానికి పెరగమని ఆజ్ఞ ఇచ్చే స్విచ్చి లాంటిది. గిస్ట్ గడ్డల్లో ఎక్కువ వాటిలో ఆ స్విచ్చి జన్యులోపం వల్ల వేసినది వేసినట్టే ఉండిపోతుంది, ఆరదు. సి.డి.117 అని రంగు పరీక్ష చేసేది ఆ ప్రోటీన్‌కే.

ఈ గడ్డకు సర్జన్లు గుర్తుపెట్టుకునే గుణాలు కొన్ని ఉన్నాయి. ఇది లింఫు గ్రంథులకు పాకడం చాలా అరుదు. కాబట్టి మామూలు కడుపు కేన్సర్‌లో లాగా చుట్టూ ఉన్న గ్రంథులన్నీ ఊడ్చి తీయనక్కర లేదు. గడ్డ ఉన్నంత మేర గోడను ముక్కగా కోసి, మిగిలిన కడుపును కుట్టేస్తే చాలు. మరి పాకేది ఎక్కడికంటే, ఒకటి కాలేయానికి, రెండు పొట్ట లోపలి పొరకు. కాలేయానికి ఎందుకంటే, కడుపు నుంచీ ప్రేగుల నుంచీ రక్తం అంతా ముందు పోర్టల్ సిర ద్వారా కాలేయానికే చేరుతుంది. బ్రాంచీల్లో వసూలైన చెక్కులన్నీ క్లియరింగుకు ఒకేచోటికి వెళ్ళేవి కదా, అలాగన్నమాట. ఇక పొట్ట పొరకు పాకడం ఎక్కువగా గడ్డ పగిలితే జరుగుతుంది. గడ్డ మెత్తగా, పండిన బొప్పాయిలా ఉంటుంది. ఆపరేషన్‌లో అది చిట్లకుండా బయటికి తీయడమే చేయితిరిగినతనం. చిన్న రంధ్రాల ద్వారా చేసే లాప్రోస్కోపీలో అయితే గడ్డను లోపలే ఒక సంచిలో వేసి మూతి కట్టి తీస్తారు.

కత్తి ఒక్కటే ఉన్న రోజులు

1881 జనవరి 29న వియన్నాలో థియోడోర్ బిల్‌రోత్ కేన్సర్ పట్టిన కడుపు భాగాన్ని కోసి తీసి, మిగిలినదాన్ని ప్రేగుకు కుట్టి, రోగిని బతికించి ఇంటికి పంపాడు. అలా విజయవంతమైన మొదటి ఆపరేషన్ అదే. ఆమె కొన్ని నెలలకే వ్యాధి లోపల వ్యాపించి చనిపోయింది. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా కత్తి పదును పెరిగింది, మత్తు బాగుపడింది, రక్తం ఎక్కించడం వచ్చింది. కాని పాకిన జబ్బు మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉండేది.

గిస్ట్ విషయంలో ఆ కథ మారింది ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో. అక్కడ యాభై ఏళ్ళ ప్రాంతపు ఒకావిడకు 1996లో కడుపులోని గడ్డలు తీశారు. 1998లో కాలేయంలో కనబడితే అక్కడా కోసి తీశారు. మళ్ళీ వచ్చాయి. కీమోథెరపీ ఇచ్చారు, ఇతర మందులు ప్రయత్నించారు. ఏదీ పనిచేయలేదు. 2000 మార్చిలో డాక్టర్ హెయిక్కి యోయెన్సూ, అప్పటికి రక్త కేన్సర్ రోగుల మీద పరీక్షిస్తున్న ఒక కొత్త మందును ఆమెకు రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టారు. అది కిట్ స్విచ్చిని కూడా ఆర్పుతుందని ప్రయోగశాలలో తెలిసింది. కొన్ని వారాల్లోనే గడ్డలు తగ్గుముఖం పట్టాయి, ఎనిమిది నెలలకు నాలుగో వంతుకు దిగాయి. 2001 ఏప్రిల్‌లో ఈ ఒక్క రోగి కథ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. 2002 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం గిస్ట్‌కు ఆ మందును ఆమోదించింది. ఆ మందే ఇమాటినిబ్. మొదట గ్లివెక్ అనే పేరుతో వచ్చింది.

ఆ మాత్ర రాకముందు పాకిన గిస్ట్ రోగులు సగటున ఏడాదీ, ఏడాదిన్నర బతికేవారు. వచ్చిన తర్వాత అది సుమారు ఐదేళ్ళయింది. అమెరికా, కెనడాల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో నూటికి 23 మంది పదేళ్ళ తర్వాత కూడా ఉన్నారు. మూడు వంతుల మంది లేరని కూడా ఆ లెక్కే చెబుతుంది. రెండూ చెప్పాలి గదా.

మా అక్కకూ ముందు మాత్రే మొదలుపెట్టారు. వెంటనే కోస్తే కడుపు మొత్తం తీయాల్సి వస్తుందేమోనని, ప్లీహం కూడా పోవచ్చని సర్జన్ గారు అన్నారు. 2016 జూన్ నుంచి రోజుకు ఒక మాత్ర, 400 మిల్లీగ్రాములు. మూడు నెలలకు స్కాన్ తీస్తే పెద్ద గడ్డ 11 నుంచి తొమ్మిదిన్నరకు వచ్చింది. కాలేయంలో ఒక మచ్చ మాత్రం కాస్త పెద్దదైనట్టు కొలత రాశారు. బావగారు ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు స్కాన్ డాక్టరు గారు ఫిల్ము వెలుతురులో పెట్టి చూపించారు. మచ్చ లోపల నల్లగా, నీళ్ళలా మారింది. అంటే లోపలి కణాలు చచ్చి కరుగుతున్నాయి. ఈ మందుకు గిస్ట్‌లో సైజు ఒక్కటే చూడకూడదు, సాంద్రత చూడాలి అన్నారు. నిల్వ అంకె అలాగే ఉండి లావాదేవీలు ఆగిపోయిన డార్మెంట్ ఖాతా లాంటిదని నేను బావగారికి చెప్పాను. ఆయనకు అది బాగా అర్థమైంది.

తొమ్మిది నెలలకు పెద్ద గడ్డ ఆరు సెంటీమీటర్లకు దిగింది. కొత్త మచ్చలు లేవు. అప్పుడు ఆపరేషన్ మాట వచ్చింది. ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. మాత్రతో తగ్గుతూ ఉంటే కత్తి దేనికని బావగారు. అక్క ఇంకొకలాగా అన్నది. "కడుపులో ఉండేది ఈరల్‌కి ఎక్కినాదంట గదా తమ్ముడూ, ఇంక కోస్తే మాత్రం ఏమొస్తాది? దుడ్డు దండగ. పిల్లకి పెండ్లి చేయాల." కూతురి పెళ్ళికి దాచిన డబ్బు ఆసుపత్రికి పోతుందని ఆమె బెంగ.

సర్జన్ గారు ఓపికగా చెప్పారు. మాత్ర జబ్బును నిద్రపుచ్చుతుంది గాని వేళ్ళతో సహా చంపడం అరుదు. మిగిలిన కొన్ని కణాలు జన్యువులు మార్చుకుని మందుకు లొంగడం మానేస్తాయి. చాలామందిలో అది రెండేళ్ళ ప్రాంతంలో జరుగుతుంది. జబ్బు నిద్రలో ఉండగానే, ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య, ఉన్నదాన్ని పూర్తిగా తీసేయగలిగితే ఆ ఎదురు తిరిగే కణాల సంఖ్య తగ్గుతుంది. మందు వేసుకుంటున్నా గడ్డలు అన్నిచోట్లా పెరుగుతున్న వారికి ఈ ఆపరేషన్ వల్ల ఉపయోగం లేదు. తగ్గినవారికి, నిలకడగా ఉన్నవారికి, ఒక్కోసారి ఒకే ఒక మచ్చ పెరిగినవారికి మాత్రమే. దీనికి గట్టి రుజువు ఉందా అని నేను అడిగాను. చైనాలో మాత్ర ఒక్కటే ఇచ్చినవారినీ, మాత్రతో పాటు ఆపరేషన్ చేసినవారినీ చీట్లు వేసి విడదీసి పోల్చారు. రెండేళ్ళకు జబ్బు పెరగకుండా ఉన్నవారు ఆపరేషన్ జట్టులో నూటికి 88, మాత్ర జట్టులో 58. అయితే చేరినవారు 41 మందే. చాలినంత మంది దొరక్క పరిశోధన మధ్యలో ఆగిపోయింది, 2014లో ఫలితం అచ్చయింది. కాబట్టి దీన్ని రాతిమీద గీత అనలేను, మీ అక్క వయసుకీ ఆమె స్కాన్లకీ చేయడమే మంచిదని నా అభిప్రాయం, అన్నారు. అలా విప్పి చెప్పిన తర్వాతే మాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

కాలేయం కోత గురించి మనవాళ్ళకు ఉన్న భయం ఒకటుంది, ఈరల్ కోస్తే మనిషి దక్కడని. మన శరీరంలో తిరిగి పెరిగే పెద్ద అవయవం అదొక్కటే. మిగతా కాలేయం ఆరోగ్యంగా ఉంటే మూడింట రెండు వంతుల దాకా తీసినా మిగిలినది కొన్ని వారాల్లో, నెలల్లో పెరిగి పనికి సరిపడా అవుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన క్వినో అనే వైద్యుడు 1950లలో కాలేయాన్ని రక్తనాళాల దారిని బట్టి ఎనిమిది భాగాలుగా విభజించి చూపాడు. అన్నదమ్ముల మధ్య పొలాన్ని కాలువల వెంబడి పంచినట్టు, ఆ గీతల వెంబడే సర్జన్లు కోస్తారు. ఒక భాగం తీస్తే పక్క భాగానికి రక్తం ఆగదు.

2017 మార్చిలో ఆపరేషన్ జరిగింది. నాలుగున్నర గంటలు పట్టింది. కడుపు గోడలో గడ్డ ఉన్న ముక్క, కాలేయం ఎడమ చివర రెండు భాగాలు తీశారు. కుడి భాగంలో లోతుగా ఉన్న మూడో మచ్చను కోయకుండా, సూది గుచ్చి రేడియో తరంగాల వేడితో కాల్చారు. కడుపులో చాలా భాగం మిగిలింది, ప్లీహం మిగిలింది. నాలుగు రోజులు గొట్టంలో పైత్యరసం కారి మమ్మల్ని భయపెట్టింది, తర్వాత దానంతట అదే ఆగింది. పన్నెండో రోజున ఇంటికి వచ్చింది. బిల్లు 5,80,000 రూపాయలు. మెడిక్లెయిమ్ మూడు లక్షలు ఇచ్చింది, మిగతాది నగల మీద అప్పు. (మా బ్రాంచిలో వద్దు, వేరే బ్యాంకులో పెట్టండని నేనే అన్నాను.)

తీసిన గడ్డను ల్యాబులో కోసి చూస్తే చాలా భాగం చచ్చిపోయి ఉంది. అక్కడక్కడ బతికిన కణాల గుంపులు మాత్రం కనబడ్డాయని రిపోర్టులో రాశారు. ఆ ఒక్క వాక్యం చదివిన తర్వాత బావగారు కత్తి దేనికన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

మాత్ర ఎందుకు మానకూడదు?

ఆపరేషన్ కంటే ఎక్కువ తగువు ఆ తర్వాత వచ్చింది. గడ్డ తీసేశారు గదా, మాత్ర ఇంకా ఎందుకని ప్రతి చుట్టమూ అడిగేవారే. అక్కకూ మానాలనే ఉంది. పొద్దున లేస్తే కళ్ళ చుట్టూ వాపు, రాత్రి పిక్కలు పట్టేయడం, ఒక్కో రోజు వాంతి. మాత్రను భోజనం చేసి పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకుంటే వాంతి తగ్గింది, మిగతావి పూర్తిగా పోలేదు. మానేద్దామని అక్క అడిగినప్పుడు డాక్టరు గారు ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పరిశోధన చెప్పారు. మూడేళ్ళు మాత్ర వేసుకుని నిలకడగా ఉన్నవారిలో కొందరికి ఆపి చూశారు. కొనసాగించినవారిలో రెండేళ్ళకు నూటికి 80 మందికి జబ్బు పెరగలేదు. ఆపినవారిలో అలా ఉన్నవారు 16 మందే. దానితో అక్క మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. పాకని గిస్ట్‌ను ఆపరేషన్‌తో తీసేసి, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి మూడేళ్ళు ఇస్తారు. పాకినవారికి మాత్రం పనిచేసినంత కాలం ఇస్తూనే ఉండాలి.

ఇంకొక మాట. అందరి గిస్ట్ ఈ మాత్రకు ఒకేలా లొంగదు. జన్యువులో లోపం ఏ చోట ఉందో చూసే మ్యుటేషన్ పరీక్ష ఉంది. కొన్ని రకాలకు రెట్టింపు మోతాదు కావాలి, ఒక రకానికి ఇది అసలు పనిచేయదు. మొదటి మాత్ర విఫలమైతే సునిటినిబ్, రెగోరాఫెనిబ్, రిప్రెటినిబ్ అని వరసగా వేరే మందులున్నాయి. అవి ఖరీదు, బాధా ఎక్కువే.

ఇక ధర. నేను బ్యాంకు మనిషిని గనుక ఇది వదిలితే నిద్ర పట్టదు. గ్లివెక్ ధర మన దేశంలో నెలకు సుమారు 1,20,000 రూపాయలు ఉండేది. అదే మందును మన కంపెనీలు చేసినప్పుడు నెలకు 8,000 ప్రాంతానికి దొరికింది. తొమ్మిదేళ్ళకు లెక్క కట్టండి. మొదటి ధరకు ఒక కోటీ 29 లక్షల 60 వేలు. రెండో ధరకు 8 లక్షల 64 వేలు. మొదటి అంకె మన మదురై బట్టల కొట్టు మోయగలిగేది కాదు. (స్విట్జర్లాండ్‌కు చెందిన నోవార్టిస్ కంపెనీ చాలామంది రోగులకు ఉచితంగా ఇచ్చే పథకం నడిపిన మాటా నిజమే. కాని దానం అడగడం వేరు, కొనుక్కోగలగడం వేరు.)

ఆ రెండో ధర వెనుక తెలుగువాళ్ళున్నారన్నది మనలో చాలామందికి తెలియదు. గుంటూరు జిల్లా గొల్లమూడిపాడు నుంచి వచ్చిన నన్నపనేని వెంకయ్య చౌదరి గారు 1981లో హైదరాబాదులో నాట్కో సంస్థను మొదలుపెట్టారు. ఆ సంస్థ 2003లో వీనట్ అనే పేరుతో ఇమాటినిబ్‌ను బజారులోకి తెచ్చింది. అదే ఏడాది నోవార్టిస్‌కు మన దేశంలో ఆ మందును ఒంటరిగా అమ్ముకునే హక్కు దొరికింది. దాన్ని ఆధారం చేసుకుని 2004లో మద్రాసు హైకోర్టులో కొన్ని కంపెనీల అమ్మకాలను ఆపించింది. పేటెంటు అర్జీ మీద నాట్కో, హైదరాబాదుదే అయిన హెటిరో, ఇతర కంపెనీలు, ముంబయి లోని కేన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ అభ్యంతరాలు వేశాయి. 2006 జనవరిలో చెన్నై పేటెంటు ఆఫీసు అర్జీని తిరస్కరించింది. 2007లో మద్రాసు హైకోర్టు, చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ వాదనను తోసిపుచ్చాయి. పాత మందు రూపాన్ని కాస్త మార్చినంత మాత్రాన, రోగికి గుణం పెరిగిందని చూపనిదే కొత్త పేటెంటు ఇవ్వకూడదన్నది మన చట్టంలోని మూడవ సెక్షను 'డి' భాగం సారం. ఆ తీర్పు వచ్చిన మూడేళ్ళకు మా అక్కకు జబ్బు బయటపడింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇమాటినిబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మదురైలో వాళ్ళ మందుల కొట్టులో మాత్రలు నిండుకున్నాయి. పదకొండు మాత్రలే మిగిలాయని అక్క ఫోను. కోయంబత్తూరులో కొని, దిండిగల్ మీదుగా వెళ్ళే మందుల లారీ డ్రైవరుకు ఇచ్చి పంపాను. రెండు మాత్రలు మిగిలి ఉండగా చేరాయి. 2021లో కుడి భాగంలో పాత మచ్చ పక్కనే ఒకటి లేచింది. మిగతా అంతా నిలకడగా ఉంది గనుక మందు మార్చకుండా, ఆ ఒక్కదాన్నీ మళ్ళీ వేడితో కాల్చి అదే మాత్ర కొనసాగించారు. ఈ మధ్యలో 2018లో కూతురి పెళ్ళి కూడా అయింది. పందిట్లో అక్క పట్టుచీర కట్టుకుని నిలబడితే, వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు పిలిచి, "నిజంగా ఆ జబ్బేనా, డాక్టర్లు డబ్బు కోసం చెప్పారా?" అని అడిగారు. బాగైతే జబ్బే కాదంటారు, బాగు కాకపోతే వైద్యమే లేదంటారు. మన మాటల్లో ఈ రెండింటికీ మధ్య చోటు లేదు.

వైద్యం చేసే చోట్లు మనకు దూరమేమీ కాదు. పీళమేడు పి.ఎస్. గోవిందసామి నాయుడు గారి కొడుకులు నలుగురూ 1926లో ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికి రాశారు. పి.ఎస్.జి. కళాశాలలూ, ఆసుపత్రీ అన్నీ ఆ ఐదో వాటాలోంచి వచ్చినవే. జి. కుప్పుస్వామి నాయుడు గారి పేరిట ఆసుపత్రి 1952 నుంచి ఉంది. కీహోల్ శస్త్రచికిత్సలో దేశమంతా పేరున్న డాక్టర్ సి. పళనివేలు గారు పనిచేసే ఊరు మనది. చెన్నైలో అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను, చెల్లెలిని ఈ జబ్బుకే పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో ప్రారంభించారు. ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాలకు తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది. మనవాళ్ళు ఆసుపత్రులు కట్టడంలో ముందుంటారు, వాటి గడప తొక్కడంలో మాత్రం వెనకే.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్టు వస్తే "ఎంత పాకింది?" అని అడిగే ముందు "ఏ జాతి?" అని అడగండి. ముక్క పరీక్షలో సి.డి.117 చూశారా, మ్యుటేషన్ పరీక్ష అవసరమా అన్నది అడగండి. కాలేయం ఆపరేషన్లు చేసే సర్జనూ, కేన్సర్ మందులు ఇచ్చే డాక్టరూ కలిసి చూసే చోటికి వెళ్ళండి. వేరే ఊరు వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ముక్కను మైనంలో దాచిన బ్లాకును ల్యాబు నుంచి అడిగి తీసుకువెళ్ళాలి. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు అది. కొత్త పరీక్ష ఏది చేయాలన్నా దానిలోంచే పొర తీసి చేస్తారు. ఎండ తగలకుండా, వేడి తగలకుండా ఉంచాలి.

మా అక్క బ్లాకు బావగారి కొట్టులో ఇనప్పెట్టెలో ఉంది. 2021లో రెండోసారి మ్యుటేషన్ పరీక్షకు అదే పంపాం, వెనక్కి తెప్పించి మళ్ళీ అక్కడే పెట్టారు. ఆరు నెలలకొకసారి స్కాన్ ఉంటుంది. వచ్చే స్కాన్‌కు ఆమె ఈసారి బస్సులో ఒంటరిగానే కోయంబత్తూరు వస్తానంటున్నది. బావగారు ఒప్పుకోవడం లేదు.